పాప తనంతట తాను ఊపిరి పీల్చుకునేదాకా

ఆ ఆదివారం పొద్దున కరుణ తన వేలి ఉంగరం తీయలేకపోయింది. సబ్బు రాసి లాగినా రాలేదు. అప్పటికి తనకు ఏడో నెల. పురిటికని కలిదిండి దగ్గర వాళ్ల అమ్మగారి ఊరు వచ్చి వారం కూడా కాలేదు. నేను తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. సెలవు రోజు కాబట్టి తనను చూడటానికి వెళ్లాను.

చర్చికి తయారవుతూ ఉంగరం సంగతి నవ్వుతూనే చెప్పింది. ముందురోజు నుంచి తలనొప్పి తగ్గలేదని కూడా చెప్పింది. ఈ నెలల్లో వేళ్లూ కాళ్లూ వాయడం మామూలేనని, తనకూ అలాగే వచ్చిందని అత్తగారు అన్నారు. నేనూ అదే అనుకున్నాను. తర్వాత కరుణ కిటికీలోంచి చేపల చెరువు కేసి చూస్తూ అంది.

"ఏవండీ, పగటిపూట మిణుగురులు ఉంటాయా?"

ఎక్కడున్నాయని అడిగాను. తను ఎటు చూస్తే అటు కనబడుతున్నాయట. కళ్లు మూసుకున్నా పోవడం లేదట. ఆ మాట విన్నాక చర్చి మానేసి కారు మాట్లాడుకుని కైకలూరు వెళ్లాం. అక్కడి డాక్టరు ఒక చేతికి బీపీ చూసి, రెండో చేతికి చూసి, మళ్లీ మొదటి చేతికి చూశారు. ఒక చీటీ రాసి నా చేతిలో పెట్టి, "ఇక్కడ ఆగకండి, తిన్నగా ఏలూరు వెళ్లిపోండి" అన్నారు. కొల్లేరు మధ్య నుంచి వెళ్లే ఆ రోడ్డు మీద ఎన్నోసార్లు తిరిగాను గానీ, ఆ రోజు ఒక్క పక్షిని చూసిన గుర్తు లేదు.

ఏలూరు ఆసుపత్రిలో విషయం సూటిగా చెప్పారు. గర్భంతో వచ్చిన బీపీ ఇది, ప్రీఎక్లాంప్సియా అంటారు, బాగా ముదిరింది, బిడ్డను బయటికి తీయడం ఒక్కటే దీనికి వైద్యం అన్నారు. బిడ్డకు అప్పటికి ఇరవై తొమ్మిదో వారం. ఊపిరితిత్తులు ఇంకా సిద్ధంగా ఉండవని, వాటి కోసం కరుణకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చామని పిల్లల డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచి చెప్పారు. ఆవిడ నిదానంగా మాట్లాడే మనిషి.

"అది పనిచేయడానికి కొంత టైం కావాలండీ. ఆ టైం మీ మిసెస్ బీపీ మనకిస్తుందో లేదో చూద్దాం."

ఒక రోజు ఇచ్చింది. మర్నాడు మధ్యాహ్నం ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. కిలోకి కాస్త పైన. పాప ఏడ్చింది గానీ ఆ ఏడుపు గది దాటి రాలేదు, నర్సు చెబితేనే నాకు తెలిసింది. పాపను పై అంతస్తులో పసిపిల్లల కోసం ఉన్న ఎన్ఐసీయూకి తీసుకెళ్లారు. ఆపరేషన్ తర్వాత కరుణకు ఫిట్స్ వచ్చాయి. తనను కింది అంతస్తులో ఐసీయూలో పెట్టారు. తర్వాత కొన్ని వారాల పాటు నా బతుకంతా ఆ రెండు అంతస్తుల మధ్య మెట్లే.

పాపను మొదటిసారి చూసినప్పుడు, నిజం చెప్పాలంటే, పాపను చూడలేదు. నోట్లో ట్యూబు, బొడ్డు దగ్గర సన్నని గొట్టం, పాదానికి ఎర్రగా వెలిగే చిన్న దీపం, వాటి మధ్య ఎక్కడో పాప. నా కళ్లు వెంటనే పైనున్న మానిటర్ మీదికి పోయాయి. అక్కడ అంకెలున్నాయి. అంకెలు చదవడం నాకు వచ్చు. ఒకటి గుండె వేగం, ఒకటి రక్తంలో ఆక్సిజన్, ఒకటి ఊపిరి అని సిస్టర్ నాగమణి చెప్పారు. ఆ వార్డులో పగటి డ్యూటీలో ఎక్కువగా ఆవిడే ఉండేవారు. సర్ఫాక్టెంట్ అనే మందు ట్యూబు ద్వారా ఊపిరితిత్తుల్లోకి పంపామని, ప్రస్తుతానికి వెంటిలేటర్ ఊపిరి ఇస్తోందని ఆవిడే చెప్పారు.

కరుణ మాట్లాడగలిగిన మొదటి రోజు ఆ అంకెలన్నీ అప్పజెప్పాను. తను కళ్లు మూసుకుని విన్నది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"నంబర్లు సరేనండీ," అంది మెల్లగా. "పాప ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుందంటే? ముక్కు ఎవరిది?"

ముక్కు మీద ప్లాస్టర్లున్నాయి. వెంట్రుకలున్నాయా అంటే టోపీ ఉంది. గోళ్లున్నాయా, ఉంటే ఏ రంగులో ఉన్నాయి అంటే చూడలేదు. కరుణ ఒక ప్రైవేటు స్కూల్లో రెండో తరగతికి పాఠాలు చెబుతుంది. పిల్లలు అన్నం తిన్నారా అని కాక, ఏం కూర తిన్నారు అని అడుగుతుంది. ఆ అలవాటే ఇక్కడా. వెళ్లి చూసి రండి అని నన్ను పంపించింది. మర్నాడు పాప గోళ్లు చూశాను. ఉన్నాయి. బియ్యపు గింజ కొసంత. గులాబీ రంగు. ఆ సంగతి మోసుకుని కిందికి దిగుతుంటే, పాప పుట్టిన దగ్గర్నుంచి మొదటిసారి నాకు ఒక పని దొరికినట్టనిపించింది.

అప్పట్నుంచి అదే వరస. కరుణ అడిగేది, నేను మెట్లెక్కి చూసి వచ్చి చెప్పేవాణ్ణి. నాకు అర్థం కానివి డాక్టరు గారిని అడిగేవాణ్ణి.

కొన్నాళ్లకే వెంటిలేటర్ ట్యూబు తీసేశారు. అంత తొందరగా తీస్తారని నేను అనుకోలేదు. భయమేసి, ఇంకొన్నాళ్లు ఉంచితే మంచిది కదా అని అడిగాను. వెంటిలేటర్ ఎన్నాళ్లుంటే అన్నాళ్లు అది ఊపిరితిత్తులను గాయపరుస్తుందని, వీలైనంత త్వరగా దాన్నుంచి బయటపడేయడమే తమ పనిలో సగమని డాక్టరు గారు చెప్పారు. పిల్లను యంత్రం మీద పెట్టడమే కష్టమని అప్పటిదాకా అనుకున్నాను. దాన్నుంచి దింపడం అంతకంటే పెద్ద విద్య అని అప్పుడు తెలిసింది.

వెంటిలేటర్ తర్వాత సీప్యాప్. పాప ముక్కు రంధ్రాల్లో రెండు చిన్న మెత్తటి గొట్టాలు, అవి జారకుండా టోపీకి కట్టిన తాళ్లు. ఆ గొట్టాల రెండో కొస నీళ్లున్న ఒక సీసాలో మునిగి ఉండేది. అందులోంచి ఎప్పుడూ బుడగలు వస్తూ ఉండేవి. ఇంత పెద్ద ఆసుపత్రిలో ఇంత ఖరీదైన యంత్రాల మధ్య ఈ నీళ్ల సీసా ఏమిటా అని నేను దాన్నే చూస్తూ కూర్చునేవాణ్ణి. కరుణకు చెబితే తనకూ అదే ఆశ్చర్యం. "ఆ నీళ్లు ఏం చేస్తాయో కనుక్కోండి" అంది.

రౌండ్స్ అయ్యాక డాక్టరు గారిని అడిగాను. ఆవిడ విసుక్కోలేదు. సీసా దగ్గరికి తీసుకెళ్లి చూపించారు. పాప ఊపిరి వదిలినప్పుడు ఊపిరితిత్తులు పూర్తిగా ముడుచుకుపోతాయి. పూర్తిగా ముడుచుకున్నదాన్ని మళ్లీ తెరవడం చాలా కష్టం. కొత్త బెలూన్‌ను మొదటిసారి ఊదడానికి ఎంత బలం కావాలో గుర్తు చేసుకోమన్నారు. కొంచెం గాలి లోపల మిగిలి ఉంటే రెండోసారి తేలిక. ఆ కొంచెం గాలిని నిలబెట్టడమే సీప్యాప్ పని.

"ఆ గొట్టం నీళ్లలో ఎంత లోతు మునిగితే అంత ప్రెషర్ అండీ. ఐదు సెంటీమీటర్లు ముంచామంటే ఐదు. ఊపిరి మాత్రం తనే తీసుకోవాలి. ఇది తీసిపెట్టదు."

ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. వెంటిలేటర్ పాపకు బదులు ఊపిరి తీసింది. సీప్యాప్ అలా చేయదు. తలుపు మూసుకుపోకుండా కాలు అడ్డం పెడుతుంది, అంతే. లోపలికి నడవాల్సింది పాపే. ఇదీ కరుణకు చెప్పాను. "అయితే కష్టపడుతోందన్నమాట" అంది.

పాపకు కాఫీ కూడా ఇచ్చేవారు. నేను నమ్మలేదు. కెఫీన్ అనే మందు, మనం తాగే కాఫీలో ఉండేదే, పాలు పట్టడానికి పొట్టలోకి వేసిన గొట్టం ద్వారా రోజుకోసారి. నెలలు నిండని పిల్లలు ఊపిరి తీసుకోవడం మరిచిపోతారట. మెదడులో ఆ పని చేయించే చోటు ఇంకా పూర్తిగా తయారవ్వదు. కెఫీన్ దాన్ని తట్టిలేపుతుంది. కరుణ మా అత్తగారికి ఈ సంగతి చెబితే ఆవిడ, తన కడుపున పుట్టిన పిల్లకు పెళ్లయ్యేదాకా కాఫీ ఇవ్వలేదని, మనవరాలు పుట్టగానే మొదలెట్టిందని అన్నారు. ఆ ఆసుపత్రిలో మేం ముగ్గురం కలిసి నవ్వడం అదే మొదలు.

ఊపిరి మరిచిపోవడం అంటే ఏమిటో కరుణకు తెలుసుకోవాలని ఉండేది. "ఆగినప్పుడు ఏం చేస్తుందో చూడండి" అంది. అది చూడటానికి నాకు ధైర్యం కావాల్సి వచ్చింది. మానిటర్ వైపు చూడకుండా పాపనే చూస్తూ నిలబడ్డాను. గబగబా కొన్ని ఊపిర్లు తీస్తుంది. ఆగుతుంది. పొట్ట కదలదు. అప్పుడు మూసి ఉన్న గుప్పెట మెల్లగా విచ్చుకుంటుంది. మళ్లీ ఒక పెద్ద ఊపిరి, వెంటనే వేళ్లు ముడుచుకుంటాయి. కొద్ది సెకన్లు ఆగి మళ్లీ తనే మొదలెడితే దాన్ని పీరియాడిక్ బ్రీతింగ్ అంటారని, దానికి కంగారు పడనక్కర్లేదని సిస్టర్ చెప్పారు. చాలాసేపు ఆగి, రంగు మారి, గుండె వేగం పడిపోతే అది ఆప్నియా. అప్పుడు ఆవిడ పాప అరికాలి మీద వేలితో చిన్నగా తట్టేవారు. పాప విసుక్కున్నట్టు మొహం పెట్టి ఊపిరి తీసేది. ప్రాణానికీ ప్రాణం లేకపోవడానికీ మధ్య ఉన్నది ఆ ఒక్క తట్టే అంటే నాకు వింతగా ఉండేది.

ఒక రోజు డాక్టరు గారు వచ్చి, "బేబీ మదర్ రాలేకపోతున్నారు కదా, మీరు కూర్చుంటారా?" అని అడిగారు. కంగారూ కేర్ అంటారట. బిడ్డను బట్టలు లేకుండా తల్లి ఛాతీ మీద పడుకోబెట్టుకోవడం. తల్లి లేకపోతే తండ్రి. చొక్కా విప్పాలి. ఆ గదిలో అటూ ఇటూ పాలిచ్చే తల్లులు కూర్చుని ఉన్నారు. నేను ఇంట్లో కూడా బనీను లేకుండా తిరిగే మనిషిని కాదు. అత్తగారు కూర్చుంటారేమో అన్నాను. ఆవిడకు ఆ వారమంతా జలుబు, దగ్గు. లోపలికి రానివ్వలేదు. మగవాళ్లు బిడ్డను గుండెకు కట్టుకోవడం ఎక్కడా చూడలేదని అత్తగారు కరుణతో అన్నారట. కరుణ మాత్రం నా కేసి చూసి, "నా బదులు మీరేనండీ" అంది. ఆ మాట తర్వాత ఇక సిగ్గు పడటానికి ఏముంది.

తెర కట్టి, ముందు విప్పుకునే గౌను ఇచ్చారు. సిస్టర్ పాపను, సీప్యాప్ గొట్టాలను, మానిటర్ తీగలను అన్నిటినీ కలిపి ఎత్తి నా ఛాతీ మీద పెట్టి, గుడ్డ చుట్టారు. బరువే లేదు. వెచ్చదనం మాత్రం ఉంది. నేను కదలకుండా, గట్టిగా ఊపిరి తీస్తే పాప ఉలిక్కిపడుతుందేమో అని బిగపట్టి కూర్చున్నాను.

"మీరు ఊపిరి బిగబడితే ఎలాగండీ?" అన్నారు సిస్టర్ నాగమణి. "మామూలుగా పీల్చండి. తను మిమ్మల్నే చూసి నేర్చుకుంటుంది."

పక్క తెర వెనక ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను. మామూలుగా పీల్చాను. కాసేపటికి మానిటర్ మోత తగ్గింది. ఆక్సిజన్ అంకె ఎక్కడ నిలబడిందో అక్కడే ఉంది. నా ఛాతీ లేచినప్పుడు పాప లేస్తోంది, దిగినప్పుడు దిగుతోంది. ఇలా పడుకోబెట్టుకుంటే ఊపిరి ఆగడం ఎందుకు తగ్గుతుందని తర్వాత డాక్టరు గారిని అడిగితే, వెచ్చదనం, కదలిక, నిద్ర, ఇవన్నీ కారణాలు కావచ్చని, మొత్తం తెలుసని మాత్రం తాను చెప్పనని అన్నారు. తెలియనిది తెలియదని చెప్పే డాక్టరు మీద నాకు నమ్మకం పెరిగింది.

సీప్యాప్ మీద ఆక్సిజన్ పాళ్లు రోజురోజుకీ తగ్గాయి. ఇరవై ఒక్క శాతానికి వచ్చింది. అంటే మనందరం పీల్చే గాలే. తర్వాత నీళ్లలో గొట్టాన్ని ఒక్కో సెంటీమీటరు పైకి తెచ్చారు. కొన్నిచోట్ల కొన్ని గంటలు తీసి కొన్ని గంటలు పెట్టి అలవాటు చేస్తారని, తాను మాత్రం ఇలా తగ్గించుకుంటూ వచ్చి ఒకేసారి తీసేస్తానని డాక్టరు గారు చెప్పారు. ఒక పొద్దున తీసేశారు కూడా.

నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. లైబ్రరీకి ఫోన్ చేశాను. మా అన్నయ్యకు, ఆకివీడులో ఉన్న మా చిన్నాన్నకు, ఇంటి ఓనరుకు కూడా చేశాను. అత్తగారు ఊళ్లో చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన చేయించమని పాస్టరు గారికి చెప్పారు. ఆ సాయంత్రానికి పాప పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుకోవడం మొదలైంది. ముక్కు పుటాలు ఎగురుతున్నాయి. తర్వాత ఆప్నియా ఒకటి, దాని వెనకే ఇంకొకటి. సిస్టర్ అరికాలు తడితే రెండోసారి చాల్లేదు, చేత్తో నొక్కే బ్యాగుతో గాలి కొట్టాల్సి వచ్చింది. ఆ నీలి రంగు పెదవులను నేను తలుపు అద్దంలోంచి చూశాను. పాపను మళ్లీ సీప్యాప్ మీద పెట్టారు.

మర్నాడు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. అందరూ అభినందిస్తున్నారు. ఒక్కొక్కరికీ మళ్లీ పెట్టారని చెప్పాల్సి వచ్చింది. అప్పుడెందుకు తీశారని కొందరు, ఆసుపత్రి మార్చమని కొందరు. నాకు డాక్టరు గారి మీద కోపం వచ్చింది. తొందరపడ్డారా అని అడిగేశాను.

"ఫెయిల్ అయిందనుకోకండి," అన్నారావిడ. "రెడీగా ఉందేమో అని మనం అడిగాం. ఇంకా లేదని తను చెప్పింది. తీసి చూడకుండా అది తెలిసే దారి లేదండీ."

కరుణకు ఇదంతా చెప్పడానికి మెట్లు దిగాను. తను అప్పటికి కుట్ల దగ్గర ఇన్ఫెక్షన్ వచ్చి జ్వరంతో ఉంది. విని ఏడ్చింది. చాలాసేపు ఏడ్చాక, ముక్కు తుడుచుకుని, "పొద్దున బాగానే ఉంది కదా. సాయంత్రానికి దేనికి అలసిపోయింది?" అని అడిగింది. అది నేను అడగలేదు. అడిగితే, ఆ కారణం కోసమే రక్త పరీక్షలు పంపామని, హీమోగ్లోబిన్ బాగా తగ్గిందని తెలిసింది. ఊపిరి ఎంత తీసినా ఆక్సిజన్‌ను మోసుకెళ్లే రక్తం చాలడం లేదు. కొద్దిగా రక్తం ఎక్కించారు. పాలు పెంచారు. మళ్లీ తీసే మాట డాక్టరు గారు ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఆ వారం రోజులూ పాప బరువు మాత్రమే అడిగాను.

కరుణ జ్వరం తగ్గాక చక్రాల కుర్చీలో మొదటిసారి పైకి వచ్చింది. తలుపు దగ్గర రెండుసార్లు చేతులు కడుక్కుంది. పాపను చూడగానే ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వంగి, గుప్పెట కేసి చూసింది. పాప ఊపిరి ఆపింది. వేళ్లు విచ్చుకున్నాయి. "మీరు చెప్పినట్టే ఉందండీ" అంది నాతో. ఆ రోజు పాప కరుణ ఛాతీ మీద చాలాసేపు నిద్రపోయింది. నేను పక్కన నిలబడి ఉన్నాను. కొంచెం ఈర్ష్య కలిగిందని చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

రెండోసారి సీప్యాప్ తీసినప్పుడు పాప కరుణ గుండె మీదే ఉంది. సిస్టర్ తాళ్లు విప్పి, గొట్టాలు తీసి, తడి దూదితో ముక్కు తుడిచారు. సీసాలో బుడగలు ఆగిపోయాయి. వారాల తరబడి విన్న ఆ చప్పుడు లేకపోయేసరికి గది ఖాళీ అయినట్టనిపించింది. నేను మానిటర్ చూడబోయాను. కరుణ నా చెయ్యి పట్టుకుని, "ముక్కు చూడండి" అంది. గొట్టాలు నొక్కీ నొక్కీ కొస కొంచెం పైకి తిరిగి ఎర్రబడి ఉంది గానీ, మధ్యలో చిన్న ఎత్తు, పక్కలకు వెడల్పు. మా అత్తగారి ముక్కు. అందులో అనుమానం లేదు.

ఆ సాయంత్రం నిలబడింది. మర్నాడు నిలబడింది. నేను ఎవరికీ ఫోన్ చేయలేదు. వాళ్లే చేస్తే, బాగానే ఉందని మాత్రం చెప్పాను. ఒక రోజు ఆక్సిజన్ కొద్దిగా తగ్గితే ముక్కు దగ్గర సన్నని గొట్టంతో కాస్త ఆక్సిజన్ పెట్టారు. రెండు రోజుల్లో అదీ తీసేశారు.

ఊపిరి వచ్చాక పాలు. అదొక పని ఉందని నాకు తెలియదు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం, మూడూ వరసలో చేయాలి. పాప మొదటి రెండూ చేసి మూడోది మరిచిపోయేది. రంగు మారగానే కరుణ పాలు ఆపి, నిటారుగా కూర్చోబెట్టి వీపు నిమిరేది. ఆ మొహం చూసి ఎప్పుడు ఆపాలో తనకు తొందరగానే తెలిసిపోయింది. కెఫీన్ ఆపేశాక కూడా కొన్నాళ్లు ఉంచుకున్నారు. మందు ఆగాక ఆప్నియా తిరిగి రాకుండా ఉంటేనే పంపిస్తామన్నారు. రాలేదు. అలా మేం తాడేపల్లిగూడెం వచ్చాం. అత్తగారు కూడా మాతోనే వచ్చేశారు.

ఇంట్లో మానిటర్ లేదు. మొదటి మధ్యాహ్నం మేం ముగ్గురం మంచం చుట్టూ కూర్చుని పాప పొట్ట చూస్తూ ఉండిపోయాం. అన్నం ఎవరికీ గుర్తు లేదు. కాసేపటికి అత్తగారు లేచి, ఇలా చూస్తూ కూర్చుంటే పిల్లకు దిష్టి తగులుతుందని, తాను పొయ్యి వెలిగిస్తానని వంటింట్లోకి వెళ్లారు. మేమూ లేచాం. పాప ఊపిరి తీసుకుంటూనే ఉంది.

ఇక్కడితో కథ సుఖాంతం అని ముగించాలని ఉంది. కానీ అసలు చెప్పాలనుకున్నది ఈ తర్వాత జరిగింది.

ఆసుపత్రిలో ఉండగానే కంటి డాక్టరు ఒకసారి వచ్చి పాప కళ్లు చూశారు. నెలలు నిండని పిల్లల్లో కంటి వెనక పొరలో రక్తనాళాలు పూర్తిగా పెరిగి ఉండవు. బయటికి వచ్చాక, ముఖ్యంగా ఆక్సిజన్ ఇచ్చిన పిల్లల్లో, అవి దారి తప్పి పెరగవచ్చు. ఆర్ఓపీ అంటారు. పాప నాళాలు ఇంకా సగంలో ఉన్నాయని, మళ్లీ చూడాలని తేదీ వేసి ఇచ్చారు. ఆ తేదీకి మేం ఇంటికొచ్చి కొద్దిరోజులే అయింది. వాన ముసురు పట్టి వదలడం లేదు. నా సెలవులు అయిపోయాయి. ఊపిరి కోసం ఇన్నాళ్లు పడ్డ పాట్లు చాలు, పిల్లను వానలో తిప్పి జలుబు చేయిస్తే మళ్లీ మొదటికొస్తుందని నా భయం. పై వారం వెళ్దామన్నాను. అత్తగారు కూడా పాప దీపం కేసి చూస్తోందని, చూపు లక్షణంగా ఉందని అన్నారు.

కరుణ పాపకు పాలిస్తూ తలెత్తకుండానే అడిగింది. "చూస్తున్న కంటికి జబ్బు రాదని డాక్టరు గారు చెప్పారా అండీ?"

చెప్పలేదు. నేను అడగనూ లేదు. మర్నాడు పాపను రెండు దుప్పట్లలో చుట్టి, రైలెక్కి ఏలూరు వెళ్లాం.

కంటి డాక్టరు చాలాసేపు చూశారు. రెండు కళ్లూ చూసి, మళ్లీ కుడి కన్ను చూశారు. ఆ చూడటంలోనే నాకు అర్థమైంది. నాళాలు దారి తప్పాయి. వదిలేస్తే చూపు పోవచ్చు, ఆలస్యం చేయకుండా లేజర్ చేయాలి అన్నారు. అదే పూట విజయవాడ పంపించారు, ఆ మరుసటి రోజు చేశారు. లేజర్ సమయంలో ఊపిరికి ఇబ్బంది రావచ్చని మళ్లీ ఒక రోజు ఆక్సిజన్ పెట్టి చూసుకున్నారు. ముక్కు దగ్గర ఆ గొట్టం చూసి నేను బయటికి వచ్చి నిలబడ్డాను. కరుణ లోపలే ఉంది. మర్నాడు గొట్టం తీసేశారు.

మా పాపకు ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. పేరు ప్రాణ్య. వాళ్లమ్మే పెట్టింది. తల చుట్టూ రబ్బరు పట్టీ ఉన్న కళ్లద్దాలు పెట్టుకుంటుంది. అప్పుడప్పుడూ వాటిని పప్పు గిన్నెలో దాస్తుంది. చలికాలం ఒకటి రెండుసార్లు ఆయాసం వచ్చి నెబ్యులైజర్ పెట్టాల్సి వచ్చింది. నడక కొంచెం ఆలస్యంగా వచ్చింది, మాటలు మాత్రం ముందే వచ్చాయి. కిందటి నెల కలిదిండి వెళ్లినప్పుడు చెరువు గట్టు మీద వాళ్లమ్మమ్మ వేలు పట్టుకుని, అదిగో కొంగ, అదిగో ఇంకో కొంగ అని ఎంతో దూరాన ఉన్నవాటిని చూపించింది. అత్తగారికి అంత దూరం ఆనలేదు.

నెలలు నిండని బిడ్డను యంత్రం నుంచి దింపి ఇంటికి తెచ్చుకున్న వాళ్లందరికీ నేను చెప్పగలిగింది ఒక్కటే. పిల్ల బాగా ఊపిరి తీస్తోంది కదా, పాలు తాగుతోంది కదా, చూస్తోంది కదా అని కంటి పరీక్ష తేదీ దాటనివ్వకండి. నాళాలు పూర్తిగా పెరిగాయి, ఇక రానక్కర్లేదు అని కంటి డాక్టరు తన నోటితో చెప్పేదాకా ప్రతి తేదీకీ వెళ్లండి. వానైనా, సెలవు లేకపోయినా వెళ్లండి. మేం ఆ రోజు పై వారానికి వాయిదా వేసి ఉంటే ఏమయ్యేది? డాక్టర్లను నేను ఎన్నో అడిగాను. ఆ ఒక్కటి మాత్రం ఇప్పటికీ అడగలేదు.